ఆటో పర్మిట్లు తెరిచారు సరే, రాత్రి పదకొండు దాటాక ఆటో వస్తుందా?

హైదరాబాద్‌లో కొత్త ఆటోలకు మళ్లీ దారి తెరుచుకుంది. ఔటర్ రింగ్ రోడ్డు లోపల 20 వేల ఎలక్ట్రిక్ ఆటోలు, 10 వేల సీఎన్‌జీ ఆటోలు, 10 వేల ఎల్పీజీ ఆటోలు, వీటికి తోడు పాత ఇంజన్ తీసేసి బ్యాటరీ బిగించే రెట్రోఫిట్ ఆటోలు 25 వేలు. మొత్తం 65 వేల ఆటోలకు తెలంగాణ ప్రభుత్వం 2025లో అనుమతి ఇచ్చింది. ఇరవై ఏళ్లకు పైగా వేసి ఉంచిన తాళం ఇది.

దీని మీద మన బస్తీల్లో రెండు రకాల మాటలు వినిపిస్తున్నాయి. ఒకటి ప్రయాణికుల మాట. ఆటోలు పెరిగితే బేరం తగ్గుతుంది, రాత్రి పూట కూడా బండి దొరుకుతుందని. రెండోది డ్రైవర్ భాయ్‌ల మాట. ఉన్న ఆటోలకే గిరాకీ లేదు, ఇంకో నలభై వేలు దించితే పిల్లల ఫీజులు ఎక్కడి నుంచి కట్టాలని. విచిత్రం ఏమిటంటే చాలా ఇళ్లలో ఈ రెండు మాటలూ ఒకే దస్తర్‌ఖాన్ దగ్గర వినిపిస్తాయి. తండ్రి ఆటో నడుపుతాడు, కూతురు రాత్రి డ్యూటీ చేసి ఆటో కోసం ఎదురుచూస్తుంది.

ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. కానీ ఇద్దరూ వదిలేస్తున్న ప్రశ్న ఒకటుంది. ఆఫీసు రికార్డులో ఎన్ని పర్మిట్లు ఉన్నాయన్నది ఒక లెక్క, రాత్రి పన్నెండింటికి రోడ్డు మీద ఎన్ని ఆటోలు ఉన్నాయన్నది ఇంకో లెక్క. మొదటిది పెంచితే రెండోది దానంతట అదే పెరగదు. ఎందుకు పెరగదో చూద్దాం.

ముందు అసలు అంత రాత్రి ఎవరు తిరుగుతారని అడిగేవాళ్లకు జవాబు చెప్పాలి. నీలోఫర్‌లో బిడ్డను చూపించుకుని బయటికొచ్చిన తల్లి తిరుగుతుంది. ఉస్మానియాలో పేషెంట్ దగ్గర మనిషిని మార్చి ఇంటికి బయల్దేరిన తమ్ముడు తిరుగుతాడు. కర్నూలు నుంచో కడప నుంచో వచ్చిన రైలు లేటై కాచిగూడలో దిగిన కుటుంబం సామాన్లతో నిలబడి ఉంటుంది. హోటల్లో గిన్నెలు సర్ది షట్టర్ దించాక ఇంటికెళ్లే కుర్రాళ్లు, హైటెక్ సిటీ వైపు షిఫ్టుల్లో పనిచేసే అమ్మాయిలు. వలీమాల సంగతి సరే సరి, మన ఫంక్షన్ హాళ్లలో భోజనాలు మొదలయ్యేదే పదింటికి. ఇక రంజాన్‌లో అయితే తరావీహ్ అయ్యాక పాతబస్తీలో సగం ఊరు రోడ్ల మీదే ఉంటుంది. దుకాణాలు రాత్రంతా తెరిచి ఉంచుకోవడానికి ప్రభుత్వమే అనుమతి ఇస్తుంటుంది. దుకాణానికి రాత్రంతా అనుమతి ఉంది, అందులో పనిచేసే మనిషి ఇంటికి చేరే ఏర్పాటు మాత్రం లేదు.

మెట్రో ఉంది కదా అంటారు. చివరి రైలు పదకొండు ప్రాంతంలో బయల్దేరుతుంది, అంతే. పైగా పాతబస్తీకి అది కూడా రాలేదు. జూబ్లీ బస్ స్టేషన్ నుంచి ఫలక్‌నుమా వరకు వేస్తామన్న లైను 2020 ఫిబ్రవరిలో ఎంజీబీఎస్ దాకా వచ్చి ఆగిపోయింది. మూసీ దాటి ఇవతలికి రావడానికి 2024 మార్చిలో ఇంకోసారి శంకుస్థాపన చేయాల్సి వచ్చింది. సిటీ బస్సులు పదకొండు తర్వాత చాలా రూట్లలో కనిపించవు. మిగిలింది ఆటో, క్యాబ్, బైక్. ఇంట్లో బండి ఉంటే అన్నో తమ్ముడో వెళ్లి తీసుకొస్తాడు. లేని ఇంటివాళ్లు అడిగినంత ఇచ్చుకోవాలి.

ఇప్పుడు తాళం కథ. 2002లో, ఇంకా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉన్నప్పుడు, హైదరాబాద్‌లో కొత్త ఆటో పర్మిట్లు ఆపేశారు. పొగ, ట్రాఫిక్ అన్నవి చెప్పిన కారణాలు. పాత ఆటో తుక్కు చేస్తే దాని బదులు కొత్తది కొనుక్కోవచ్చు గానీ, లెక్కలో ఒక్కటి కూడా పెరగకూడదు. చట్టంలో దీనికి చోటు ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 74వ సెక్షన్ ప్రకారం కేంద్రం చెబితే, ఐదు లక్షలకు తక్కువ కాని జనాభా ఉన్న పట్టణాల్లో కిరాయి వాహనాల సంఖ్యకు రాష్ట్రం హద్దు పెట్టవచ్చు. ఏం చూసి పెట్టాలి? వాహనాల సంఖ్య, రోడ్ల పరిస్థితి, ఇతర సంబంధిత విషయాలు. బస్టాపులో నిలబడ్డ మనిషి ఎంతసేపు ఎదురుచూస్తున్నాడన్నది అందులో పేరు పెట్టి చెప్పలేదు, 'ఇతర' అన్న మాటలో ఎక్కడో ఇరుక్కుని ఉండాలి.

నేను బీకాం చదివినవాణ్ణి కాబట్టి నాకు ఇది ఇలా అర్థమవుతుంది. ఒక వస్తువు ఇక కొత్తగా తయారు కాదని సర్కారు చెప్పిన రోజు నుంచి ఆ వస్తువుకు ధర వస్తుంది. పర్మిట్ అంటే ఒక కాగితం, దాని సర్కారీ ఫీజు స్వల్పం. కానీ హద్దు పెట్టాక అది ప్లాటు లాంటి ఆస్తి అయిపోయింది. ఆటో ధర వేరు, ఆటోతో పాటు వచ్చే పర్మిట్ ధర వేరు. ఆ రెండో ధర డ్రైవర్ జేబులోకి వెళ్లదు, ఖజానాకూ వెళ్లదు. పాత పర్మిట్లు కొని పెట్టుకోగల స్తోమత ఎవరికి ఉంటే వాళ్లకు వెళ్తుంది. హైదరాబాద్‌లో ఆ స్తోమత ఫైనాన్షియర్లకు ఉంది. ఒకే మనిషి చేతిలో పదులకొద్దీ ఆటోలు ఉంటాయి, కాగితం మీద మాత్రం వేరే వేరే పేర్లు. నడిపేవాడు రోజూ కిరాయి కడతాడు.

చిన్న లెక్క వేద్దాం. పర్మిట్ కోసమని ఆటో ధర మీద అదనంగా లక్ష రూపాయలు అప్పు చేశాడనుకోండి, రెండు రూపాయల వడ్డీకి. నెలకు రెండు వేలు. అంటే రోజుకు 67 రూపాయలు, అసలు అలాగే ఉండగా, గ్యాస్ కొట్టించక ముందే, ఇంట్లోంచి బండి తీయక ముందే. ఆ 67 ఎవరు కడుతున్నట్టు? పైకి డ్రైవర్. కానీ మీటర్ వేయకుండా ఇరవై ఎక్కువ అడిగినప్పుడు అది మన దగ్గరికి వస్తుంది. సూద్‌కు దూరంగా బతకాలని గట్టిగా అనుకునే మనిషి కూడా ఆటో నడపాలంటే సూద్ లోంచే దిగాల్సి రావడం ఇందులో ఇంకో చేదు. మన వాళ్లలో ఈ వృత్తిలో ఉన్నవాళ్లు ఎంతమందో వేరే చెప్పక్కర్లేదు.

ఇది హైదరాబాద్ ఒక్కదాని కథ కాదు. ఢిల్లీలో 1997లో సుప్రీంకోర్టు ఆటోల సంఖ్యను ఆపేసింది, అక్కడా కారణం కాలుష్యమే. పద్నాలుగేళ్ల తర్వాత, 2011 నవంబర్‌లో, అదే కోర్టు ఇంకో 45 వేల ఆటోలకు అనుమతి ఇచ్చి మొత్తాన్ని లక్షకు పెంచింది. ఆ మధ్య కాలంలో అక్కడా పర్మిట్లు ఫైనాన్షియర్ల చేతిలోకి పోయి, ఆటో అసలు ధరకు ఎన్నో రెట్లకు చేరింది. ముంబైలో 1997 నుంచి ఉన్న హద్దును మహారాష్ట్ర 2017లో ఎత్తేసింది. మూడు నగరాలు, ఒకే మందు, ఒకే రకం రియాక్షన్.

మరి రోడ్డు ఖాళీ అయిందా? లేదు. ఆటోకు తాళం వేసిన ఈ ఇరవై ఏళ్లలో క్యాబ్‌లు వచ్చాయి, ఆ తర్వాత బైక్ టాక్సీలు వచ్చాయి, సొంత కార్లకు, బండ్లకు అసలు హద్దే లేదు. పక్క జిల్లాల పర్మిట్‌తో సిటీలో తిరిగే ఆటోలు వేరే. పోలీసులు అప్పుడప్పుడు డ్రైవ్ పెట్టి పట్టుకుంటారు, ఓ వారం పోయాక మళ్లీ వస్తాయి. అంటే తాళం పడింది పేదవాడి బండికి మాత్రమే. 2018 అక్టోబర్‌లో కేంద్రం బ్యాటరీతో నడిచే రవాణా వాహనాలకు పర్మిట్టే అక్కర్లేదని నోటిఫికేషన్ ఇచ్చింది. పొగే కారణమైతే ఆ రోజే సగం సమస్య తీరిపోవాలి. తీరలేదు.

అందుకని హద్దు సడలించడం మంచి పనే అని నా అభిప్రాయం. పర్మిట్ ధర పడిపోతుంది, కిరాయికి నడిపేవాళ్లలో కొందరైనా సొంత బండి కొనుక్కుంటారు. కానీ రాత్రి సమస్య ఇక్కడితో తీరదు. దాని లెక్క వేరు.

హైదరాబాద్ మీటర్ రేటు 2014లో ఖరారైంది. మొదటి 1.6 కిలోమీటర్లకు 20 రూపాయలు, ఆ తర్వాత కిలోమీటరుకు 11. రాత్రి 11 నుంచి ఉదయం 5 వరకు సగం అదనం. గ్యాస్, టైర్లు, ఇన్సూరెన్స్, ఇంటి కిరాయి అన్నీ మారుతుంటే ఈ రేటు ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోయింది. 8 కిలోమీటర్ల ప్రయాణం తీసుకుందాం. పగలు మీటర్ ప్రకారం 90 రూపాయలు. వెళ్లిన చోట ఇంకో గిరాకీ దొరికితే తిరుగు ప్రయాణానికి ఇంకో 90. పదహారు కిలోమీటర్లు తిరిగితే 180, అంటే కిలోమీటరుకు 11 రూపాయల పైనే. రాత్రి అదే ప్రయాణానికి 136 రూపాయలు. కానీ బండ్లగూడలోనో షాహీన్‌నగర్‌లోనో దించాక అర్ధరాత్రి అక్కడ ఎక్కేవాళ్లు ఎవరుంటారు? ఖాళీగా తిరిగి రావాలి. అదే పదహారు కిలోమీటర్లకు 136, అంటే కిలోమీటరుకు ఎనిమిదిన్నర.

చూశారు కదా. రాత్రికి సగం ఎక్కువ ఇస్తున్నామని మనం అనుకుంటాం, డ్రైవర్‌కు మాత్రం పగటికన్నా తక్కువే పడుతుంది. అందుకే స్టాండులో నాలుగు ఆటోలు నిలబడి ఉన్నా అటు వైపు రామంటారు. వచ్చేవాడు మూడొందలు అడుగుతాడు. వాళ్లందరూ చెడ్డవాళ్లని కాదు. కొందరు అవసరం చూసి పిండుకునేవాళ్లు ఉన్నారు, లేరనడం లేదు. ఆసుపత్రి గేటు ముందు అలాంటి బేరం విన్నవాళ్లకు ఈ లెక్కలు చెబితే కోపం వస్తుంది కూడా. కానీ మంచి మనిషి కూడా ఆ మీటర్‌కు ఆ టైములో ఆ దారిన రాలేడు, అది అసలు విషయం.

యాప్‌లు ఈ ఖాళీని నింపాయి, వాటి ధరకు. 2025 జూలైలో కేంద్రం ఇచ్చిన కొత్త మార్గదర్శకాల ప్రకారం రద్దీ వేళల్లో మూల ఛార్జీకి రెట్టింపు దాకా తీసుకోవచ్చు. ఆటోల విషయంలో అయితే కొన్ని యాప్‌లు ఇప్పుడు డ్రైవర్ దగ్గర రోజు ఫీజు తీసుకుని, ధర సంగతి మీరూ మీరూ చూసుకోండంటున్నాయి. అంటే ఫోన్‌లో ఒక అంకె కనిపిస్తుంది, బండి వచ్చాక ఇంకో అంకె వినిపిస్తుంది. కాదంటే క్యాన్సిల్. ఫోన్ ఛార్జింగ్ రెండు శాతం ఉన్నప్పుడు ఇలా మూడుసార్లు జరిగితే ఎలా ఉంటుందో పడినవాళ్లకు తెలుసు.

ఇప్పుడు కొత్త ఆటోలు రోడ్డెక్కాయనుకుందాం. ఇక్కడ కాస్త తిరకాసు ఉంది. కిరాయి ఆటోను యజమాని పగలు ఒకరికి, రాత్రి ఒకరికి ఇవ్వగలడు. బండి ఊరికే నిలబడితే అతనికి నష్టం కాబట్టి తిప్పించాలనే చూస్తాడు. సొంత ఆటో ఉన్న మనిషి పొద్దున బడి పిల్లలను దించి, సాయంత్రం దాకా తిరిగి, రాత్రి భార్యాబిడ్డల దగ్గరికి వెళ్తాడు. వెళ్లాలి కూడా. అంటే పర్మిట్లు డ్రైవర్ల చేతికి వచ్చేకొద్దీ పగలు ఆటోలు పెరుగుతాయి, రాత్రి మాత్రం పెద్దగా పెరగకపోవచ్చు. ఎలక్ట్రిక్ ఆటోల్లో ఇంకో సంగతి. ఛార్జింగ్ పెట్టేది రాత్రే. ఇరుకు గల్లీలో, ఒకే మీటర్ మీద మూడు వాటాలున్న ఇంట్లో, ఆ ఛార్జింగ్ ఎక్కడ పెడతారన్నది వేరే ప్రశ్న. పెట్టినంతసేపు బండి ఇంటి ముందే ఉంటుంది.

సరిగ్గా ఇలాంటి దారిలో మనకన్నా ముందు నడిచిన ఊరు ఒకటుంది, ఐర్లాండ్ రాజధాని డబ్లిన్. అక్కడ 1978 నుంచి టాక్సీల సంఖ్యకు స్థానిక పాలకులు హద్దు పెట్టారు. ఇరవై రెండేళ్లకు లైసెన్సు చేతులు మారే ధర 80 వేల ఐరిష్ పౌండ్లకు అటూ ఇటూగా వెళ్లింది, శనివారం రాత్రుళ్లు జనం గంటల తరబడి వరుసల్లో నిలబడేవాళ్లు. 2000 అక్టోబర్‌లో హైకోర్టు ఆ హద్దు చెల్లదంది. రెండేళ్లలో టాక్సీలు రెట్టింపు దాటిపోయాయి. వరుసలు తగ్గాయి, కానీ అప్పుచేసి లైసెన్సు కొన్న డ్రైవర్లు మునిగిపోయారు. తర్వాత ప్రభుత్వం వేసిన ప్యానెల్ అలాంటి కుటుంబాలకు 3 వేల నుంచి 15 వేల యూరోల సాయం సిఫార్సు చేసింది, కొన్న ధర ముందు అది ఏ మూలకూ రాదు. ఇంకా చెప్పాల్సింది ఉంది. అన్ని టాక్సీలు వచ్చాక కూడా కొన్నేళ్లకు డబ్లిన్‌లో రాత్రి పూట టాక్సీ దొరకడం లేదన్న ఫిర్యాదు మళ్లీ మొదలైంది. పగలు నడుపుకునే వీలుంటే తాగి తూలే జనాన్ని ఎక్కించుకునే రాత్రి డ్యూటీ ఎవరికి కావాలి? 2019 డిసెంబర్‌లో అక్కడ రెండు రూట్లలో 24 గంటల బస్సులు పెట్టారు.

బ్రిటన్ పద్ధతి ఇంకోలా ఉంటుంది. అక్కడ లండన్ బయట టాక్సీ లైసెన్సులు ఇచ్చేది స్థానిక కౌన్సిళ్లు. చదువుకోసం వెళ్లిన మన పిల్లలు మాంచెస్టర్‌లోనో లీడ్స్‌లోనో పార్ట్‌టైమ్ పని ముగించుకుని ఎక్కే బండ్లు ఇవే, నడిపేవాళ్లలో పాకిస్తానీ, బంగ్లాదేశీ మూలాలవాళ్లు చాలామంది. 1985 రవాణా చట్టం అక్కడ కౌన్సిళ్లకు ఒక షరతు పెట్టింది. రోడ్డు మీద చేయెత్తితే ఆగే టాక్సీలకు సంఖ్య ఆధారంగా లైసెన్సు నిరాకరించాలంటే, తీరని అవసరం చెప్పుకోదగ్గంతగా ఏమీ లేదని కౌన్సిల్ నమ్మకం కుదుర్చుకోవాలి. అందుకోసం సర్వేలు చేయిస్తారు, స్టాండ్ల దగ్గర మనుషులు ఎంతసేపు నిలబడుతున్నారో లెక్కపెడతారు, రాత్రి వేళలు కలిపి. ఈ సర్వేల మీద కూడా గొడవలున్నాయి, కౌన్సిళ్లు తమకు కావాల్సిన ఫలితమే తెచ్చుకుంటాయని. అయినా ఎదురుచూసే మనిషి చట్టంలో ఒక అంకెగానైనా ఉన్నాడు.

మనకు కావాల్సింది ఇదే. అఫ్జల్‌గంజ్ దగ్గర, సికింద్రాబాద్ స్టేషన్ బయట, నీలోఫర్ గేటు దగ్గర రాత్రి పదకొండు నుంచి రెండు దాకా ఎంతమంది ఎంతసేపు నిలబడుతున్నారో ఒక వారం లెక్కపెట్టడం పెద్ద ఖర్చు కాదు. ఆ లెక్క ఉంటే ఆర్టీసీని అడగడానికి వీలుంటుంది. ఎయిర్‌పోర్టుకు పుష్పక్ బస్సులు దాదాపు రాత్రంతా తిరుగుతున్నాయి, కాబట్టి రాత్రి బస్సు నడపడం ఆర్టీసీకి చేతకాని పనేం కాదు. ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట వైపు ఒకటి, మెహదీపట్నం మీదుగా టోలిచౌకి వైపు ఒకటి, సికింద్రాబాద్ నుంచి ఉప్పల్ వైపు ఒకటి, గంటకో బస్సు చాలు మొదలు పెట్టడానికి.

బస్సు అనగానే డ్రైవర్ భాయ్‌లకు కోపం వస్తుందని తెలుసు. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి మొదలై ఆడవాళ్లకు బస్సు ఉచితమయ్యాక వాళ్ల గిరాకీ దెబ్బతింది, అది నిజం. ఆటో డ్రైవర్లకు ఏటా 12 వేలు ఇస్తామని కాంగ్రెస్ ఎన్నికల్లో మాట ఇచ్చింది కూడా అందుకే కదా. ఆంధ్రలో స్త్రీశక్తి మొదలైన రెండు నెలలకే, 2025 అక్టోబర్ 4న, అక్కడి డ్రైవర్ల ఖాతాల్లో 15 వేలు వేశారు. కానీ రాత్రి బస్సు సంగతి వేరు. అర్ధరాత్రి ఆటో నష్టపోయేది దూరం వెళ్లి ఖాళీగా తిరిగి రావడంలో. దూరం బస్సు మోస్తే, చివరి రెండు మూడు కిలోమీటర్లు ఆటోకు మిగులుతాయి. బస్సు దిగే చోట నిలబడితే గిరాకీ ఖాయం, తిరుగు ఖాళీ తక్కువ. ఇంటికి దగ్గర్లోనే ఉంటాడు కూడా. దానితో పాటు రాత్రి ఛార్జీని సగం అదనం నుంచి ఖాళీ ప్రయాణం లెక్కలోకి వచ్చేలా మార్చి, ఆసుపత్రులు, స్టేషన్ల దగ్గర పోలీసుల ప్రీపెయిడ్ కౌంటర్‌తో గట్టిగా అమలు చేయాలి. ఛార్జీ పెంచమని నేను రాస్తే కొందరు తిట్టుకుంటారు. ఇప్పుడు మీరు ఇస్తున్న మూడొందల కన్నా రశీదు మీద వచ్చే రెండొందలు తక్కువే కదా.

పర్మిట్ కోసం చూస్తున్న కుర్రాళ్ల ఇళ్లకు ఒక్క సంగతి. హద్దు సడలినప్పుడల్లా పాత ఆటగాళ్లు కొత్త పేర్ల మీద బండ్లు తీస్తారు. నీ ఆధార్, నీ లైసెన్సు ఇవ్వు, ఐదో పదో వేలు ఉంచుకో, మిగతాది మేం చూసుకుంటాం అంటూ వస్తారు. ఆ కాగితం మీద మీ అబ్బాయి పేరుంటే చలానా అతనికే వస్తుంది, యాక్సిడెంట్ అయితే నోటీసు అతనికే వస్తుంది, రేపు నిజంగా తనకు ఆటో కావాల్సి వస్తే పేరు మీద ఇప్పటికే ఒకటి ఉందంటారు. సొంతానికే తీసుకుంటే షోరూమ్ ధర ఎంత, రోడ్ టాక్స్ ఎంత, ఇన్సూరెన్స్ ఎంత అని విడివిడిగా రాయించుకోండి. 'పర్మిట్ ఖర్చు' అని దేనికీ లెక్క చెప్పని మొత్తం కనిపిస్తే అక్కడే ఆగి ఆర్టీఏ ఆఫీసులో అసలు ఫీజు ఎంతో అడగండి. అప్పు తీరిన రోజు ఫైనాన్స్ వాళ్ల దగ్గర ఫారం 35 మీద సంతకాలు, ఎన్‌ఓసీ తీసుకుని ఆర్సీలోంచి వాళ్ల పేరు తీయించుకోండి.